మోకాలు అరిగినా ప్రదక్షిణ ఆగరాదు

ఏళ్ళ తరబడి ప్రతి శనివారం ఆలయానికి వచ్చి, ధ్వజస్తంభానికి మొక్కి, ప్రాకారం చుట్టూ ప్రదక్షిణ చేసి, మండపంలో కాసేపు కూర్చొని వెళ్ళే పెద్దలు ఒక్కొక్కరుగా కనిపించకుండా పోతుంటారు. ప్రసాదం కోసం వచ్చిన ఇంటివారిని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే. "మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందండీ. నడిస్తే ఇంకా అరుగుతుందని భయం. కింద కూర్చుంటే లేవలేరు. కుర్చీలో కూర్చుంటే దోషమని అసలు రావడమే మానేశారు." నలభై ఏళ్ళ అర్చకత్వంలో ఈ సమాధానం విన్నన్నిసార్లు మరొకటి వినలేదు.

ఈ సమాధానంలో ఒక వ్యాధి, రెండు అపోహలు ఉన్నాయి. అరిగిన కీలును కదిలిస్తే మరింత అరుగుతుందన్నది మొదటి అపోహ. నేలమీద కూర్చోలేనివారికి దేవుడి ఎదుట కూర్చునే అర్హత లేదన్నది రెండవది. వ్యాధి మోకాలి వరకే ఆగుతుంది. ఈ అపోహలు మనిషిని మొత్తంగా మంచానికి చేరుస్తాయి. ఈ రెండింటికీ సమాధానం మనం ప్రతి పూజకు ముందు చెప్పుకొనే సంకల్పంలోనే ఉంది. అది 'యథాశక్తి' అనే పదం.

ఈ పదాన్ని మనం సాధారణంగా ఒకవైపు నుంచే చూస్తాం. శక్తికి మించి చేయనక్కరలేదనే సడలింపుగా భావిస్తాం. దానికి రెండవ వైపు కూడా ఉంది. ఉన్న శక్తి మేరకు తప్పక చేయాలన్నది ఆ రెండవ అర్థం. శక్తిని మించడం ఎంత పొరపాటో, ఉన్న శక్తిని వాడకుండా దాచుకోవడమూ అంతే పొరపాటు. అరిగిన మోకాలితో జీవించవలసిన పెద్దలకు ఇంతకంటే మంచి నియమం నాకు కనిపించలేదు.

మోకాలు బండి ఇరుసు వంటిది కాదు

తిరిగిన కొద్దీ బండి ఇరుసు అరుగుతుంది. తిప్పకుండా ఉంచితే అరగదు. మోకాలు కూడా అంతేనని చాలామంది అనుకుంటారు. ఇరుసు జడపదార్థం, మోకాలు ప్రాణమున్న అవయవం. తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట ఆ రెండింటి చివరలను కప్పి నున్నని మృదులాస్థి ఉంటుంది. మనవాళ్ళు గుజ్జు అనేది దీనినే. ఈ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు సంచిలోని జిగురు ద్రవం నుంచే అది పోషణ పొందాలి. అడుగు వేసినప్పుడు కొద్దిగా నలిగి, అడుగు తీసినప్పుడు తిరిగి విచ్చుకుంటూ ఆ ద్రవాన్ని తనలోకి తీసుకుంటుంది. అంటే ఆ కీలుకు కదలికే అన్నం పెడుతుంది. కదలని మోకాలు ఉపవాసంలో ఉన్నట్లే.

దీనికితోడు మోకాలి బరువును ఎముక ఒక్కటే మోయదు. తొడ ముందుభాగంలోని పెద్ద కండరం అందులో చాలా వాటాను పంచుకుంటుంది. నొప్పికి భయపడి కూర్చుండిపోతే కొద్ది వారాలలోనే ఆ కండరం సన్నబడుతుంది. కండరం తగ్గితే భారమంతా కీలుపై పడుతుంది. నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిందని మరింత కూర్చుంటాం. కూర్చున్నందువల్ల ఒళ్ళు బరువెక్కుతుంది. ఆ బరువు మళ్ళీ మోకాలి మీదికే వస్తుంది. ఈ చక్రంలో చిక్కినవారు తమను ఓడించింది అరుగుదల అనుకుంటారు. నిజానికి సగం ఓటమి కూర్చోవడం వల్ల వచ్చినదే.

నా మోకాళ్ళూ అరిగినవే. గర్భాలయంలో పీటమీద కూర్చొని లేవడం, అభిషేక జలం బిందెలతో మోయడం, తడి రాతిమీద గంటల తరబడి నిలబడడం మా వృత్తిలో నిత్యకృత్యం. ఎక్స్‌రే చూసిన వైద్యులు పోయిన గుజ్జు తిరిగి రాదని నాకు స్పష్టంగా చెప్పారు. దానితోపాటే, "స్వామీ, నడక మాత్రం మానకండి" అని కూడా అన్నారు. ఆ రెండు మాటలనూ కలిపి వినాలని మీకు మనవి. మొదటిదే విని రెండవది వదిలేసేవారే ఎక్కువ.

శాస్త్రం ఏమంటున్నది

కీళ్ళనొప్పి ఈ కాలపు జబ్బేమీ కాదు. కీళ్ళలో చేరిన వాతాన్ని గురించి చరక సంహిత చికిత్సా స్థానంలోని 28వ అధ్యాయం, వాతవ్యాధులను వివరిస్తూ ప్రస్తావించింది. సుశ్రుత సంహిత చికిత్సా స్థానం 24వ అధ్యాయం చంక్రమణాన్ని, అంటే సాధారణ నడకను ఎంతో మెచ్చుకున్నది. దేహాన్ని మరీ బాధపెట్టని నడక ఆయువును, బలాన్ని, బుద్ధిని, జఠరాగ్నిని పెంచుతుందని, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని దాని భావం. ఆ నియమంలోని సూక్ష్మాన్ని గమనించండి. సుశ్రుతుడు నడవమన్నాడు, దేహాన్ని పీడించనంతవరకే నడవమన్నాడు.

వాగ్భటుడు అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో బలవంతుడు సైతం తన శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలన్నాడు. వృద్ధులు, వాతరోగులు వ్యాయామం మానాలని అదే అధ్యాయంలో ఉన్నది కదా అని చదువుకున్నవారు ప్రశ్నించవచ్చు. ఉన్నమాట నిజమే. అక్కడ వ్యాయామమంటే ఒళ్ళు చెమటలు పట్టి, ఊపిరి బరువెక్కే శ్రమ. సుశ్రుతుడు చంక్రమణాన్ని దానినుంచి వేరుచేసి చెప్పాడు. గరిడీ సాధన వేరు, గుడి చుట్టూ నడక వేరు. వృద్ధులకు నిషిద్ధమైనది మొదటిది మాత్రమే. భగవద్గీత ఆరవ అధ్యాయం కూడా ఆహారంలోను, విహారంలోను, చేష్టలలోను మితం పాటించినవారికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని బోధించింది. అక్కడ విహారాన్ని మితం చేసుకోమన్నారే తప్ప మానేయమనలేదు.

నేటి వైద్యులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. 65 ఏళ్ళు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కలిగే పనులు చేయాలని, వారంలో మూడు రోజులైనా కండరాల బలానికి, తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి తగిన అభ్యాసాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. ఆ అరగంటను పది నిమిషాల చొప్పున మూడుసార్లుగా పంచుకున్నా ఫలితం తగ్గదు. ప్రాతఃకాలంలో తులసికోట చుట్టూ, మధ్యాహ్నం వరండాలో, సాయంకాలం ఆలయంలో నడిస్తే చాలు.

మొక్కు పేరిట మోకాలికి శిక్ష

ఇక రెండవ అతి ఉన్నది. అసలు కదలనివారు ఒకవైపు ఉంటే, నొప్పిని లెక్కచేయకుండా దేహాన్ని హింసించుకునేవారు మరొకవైపు ఉన్నారు. మోకాళ్ళ నొప్పి తగ్గితే నడిచి కొండెక్కుతామని మొక్కుకొని, తగ్గకుండానే ఎక్కడానికి బయలుదేరేవారిని చూశాను. అలిపిరి కాలిబాటలో సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. ఆ దారిలోని నిలువు ఎక్కుడుకు మోకాళ్ళ పర్వతమని పేరు. పవిత్రమైన కొండను పాదాలతో తొక్కడానికి మనసొప్పక భగవద్రామానుజులు మోకాళ్ళతో ఎక్కారని ఐతిహ్యం. దానిని తలచుకొని అక్కడ మోకాళ్ళతో పాకే భక్తులు నేటికీ ఉన్నారు. వారి భక్తికి నమస్కరిస్తాను. గుజ్జు అరిగినవారు మాత్రం ఆ పని చేయరాదని అంతే వినయంగా చెబుతాను. రామానుజుల నుంచి మనం నేర్చుకోవలసినది కొండపట్ల వారికున్న గౌరవం. మోకాలి నొప్పిని అనుకరించవలసిన అవసరం లేదు.

అరుణాచల గిరిప్రదక్షిణ సుమారు 14 కిలోమీటర్లు, ఆషాఢంలో జరిగే సింహాచల గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. మన ప్రాంతాల నుంచి ఏటా వేలమంది పెద్దలు వీటికి బయలుదేరుతున్నారు. ఏడాదంతా కుర్చీ దిగకుండా కూర్చొని, ఒక్క రాత్రిలో అంతదూరం నడవడం తపస్సు అనిపించుకోదు. శాస్త్రం విధించని రీతిలో దేహాన్ని పీడించుకునే తపస్సును గీత 17వ అధ్యాయం మెచ్చుకోలేదు, దానిని తామసమని పేర్కొన్నది. మొక్కు ఉన్నవారు ఆలయ ప్రాకారంలోనే రోజుకు మూడు ప్రదక్షిణల చొప్పున ఒక మండలం చేసి తీర్చుకోవచ్చు. మొక్కు తీరుతుంది, మోకాలూ నిలుస్తుంది. నలభై రోజుల నడక ఒక్కరాత్రి నడక కంటే కష్టమైన నియమం. పైగా నిజంగా మేలు చేసేది అదే.

భగవాన్ రమణ మహర్షి చివరి సంవత్సరాలలో మోకాళ్ళ వాతంతో బాధపడ్డారు. చేతికర్ర ఊతంగా కొండవైపు నడకను మాత్రం చాలాకాలం మానలేదు. కంచి పరమాచార్యులు చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామి ఎనభై ఏళ్ళు దాటిన తరువాత కూడా దేశంలో కాలినడకన సంచరించారు. ఆ యాత్రలో ఆయన రిక్షాబండిని పట్టుకొని నడిచిన దృశ్యం ఎందరి జ్ఞాపకంలోనో ఉన్నది. మహాత్ములు ఊతం తీసుకోవడాన్ని చిన్నతనంగా భావించలేదు. మనకు చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గెందుకు?

కుర్చీ దోషమా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్నే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కింద కూర్చోలేనివారు కుర్చీలో కూర్చొని పూజ, జపం, వ్రతం చేసుకోవడంలో దోషం లేదు.

పతంజలి మహర్షి ఆసనానికి స్థిరత్వం, సుఖం అనే రెండు లక్షణాలనే చెప్పాడు. మోకాలు సలుపుతుండగా పద్మాసనం వేసినవారి మనసు మోకాలి మీదే ఉంటుంది, మంత్రం మీద ఉండదు. ఉపాసన కూర్చొని చేయాలని బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయం మొదటి పాదం నిర్ణయించింది. అదే పాదం, ఏకాగ్రత ఎక్కడ కుదిరితే అదే తగిన చోటని, దేశకాలాల విషయంలో ప్రత్యేక నిర్బంధం లేదని కూడా తేల్చింది. గీతలో ధ్యానాసనాన్ని గురించి చెబుతూ అది మరీ ఎత్తుగాను, మరీ పల్లంగాను ఉండరాదన్నారు. ఆ నియమం మోకాలి రోగికి అక్షరాలా సరిపోతుంది. పాదాలు నేలకు ఆనాలి, తొడలు మోకాళ్ళ కంటే కిందికి దిగరాదు, లేవడానికి చేతులు ఆనించే వీలుండాలి. మెత్తగా కుంగిపోయే సోఫా ఇందుకు పనికిరాదు. గట్టి చెక్కకుర్చీపై ఉతికిన పంచెగానీ, ఉన్ని కంబళిగానీ పరిస్తే అదే మీ ఆసనం.

ఎత్తైన పీఠంపై దేవుడి ఎదుట కూర్చోరాదని, స్వామివైపు కాళ్ళు చాపరాదని పెద్దలు చెప్పలేదా అంటే చెప్పారు. ఆ మర్యాదను కాపాడుకునే మార్గమూ ఉన్నది. గర్భాలయానికి సూటిగా ఎదురుగా కాకుండా మండపంలో పక్కన, స్తంభం చెంత కుర్చీ వేసుకోండి. కాలు చాపవలసి వస్తే పక్కకు చాపండి. ఇంట్లో పూజామందిరం నేలమీద ఉంటే మీ కూర్చునే ఎత్తుకు తగినట్లు దానిని గట్టుమీదికి మార్పించండి. అప్పుడు స్వామి మీకంటే పైనే ఉంటాడు. బాలురకు, వృద్ధులకు, రోగులకు ధర్మశాస్త్రాలు స్నానంలోను, ఉపవాసంలోను సడలింపులు ఇచ్చాయి. నీటిలో మునగలేనివారికి మంత్రస్నానం, భస్మస్నానం ఉన్నాయి. స్నానానికే ప్రత్యామ్నాయం చూపిన శాస్త్రం కూర్చునే తీరుకు చూపదా?

సాష్టాంగం చేయలేనివారు చేతులు జోడించి తల వంచితే చాలు. మోకాళ్ళు నేలకు ఆనించి వంగడం అరిగిన కీలుకు మిక్కిలి హాని. లేవలేక పక్కవారి చేయి పట్టి లాగించుకుంటే భుజానికీ ప్రమాదమే.

ఎలా నడవాలి, ఎలా లేవాలి

ప్రదక్షిణ ఎలా చేయాలో పెద్దలు ఒక పోలికతో చెప్పారు. నిండు గర్భిణి నూనె కుండను మోస్తూ నడిచినంత నెమ్మదిగా చేయాలట. మోకాలి నొప్పితో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవారు తాము వెనుకబడ్డామని చింతిస్తుంటారు. శాస్త్రోక్తంగా నడుస్తున్నది నిజానికి వారే. 108 ప్రదక్షిణలకు పరుగులు తీసేవారికి దారి ఇచ్చి, మీరు గోడవైపున మూడు చేయండి. రాయి కాలకముందే ఉదయం పూట రండి. అభిషేకం జరిగే వేళ తడిరాళ్ళపై నడవకండి.

పూజలో ఆత్మప్రదక్షిణ చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పాదం నేలకు అంటిపెట్టి ఒళ్ళు తిప్పితే మోకాలు మెలిపడుతుంది. పాదాలు ఎత్తి చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగండి, లేదా ఒక చేత్తో కుర్చీ పట్టుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టాలి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు పెట్టాలి. ఎత్తైన గడప దాటేటప్పుడూ ద్వారబంధం పట్టుకొని బాగున్న కాలునే ముందు దాటించాలి. చేతికర్రను నొప్పి ఉన్న వైపు పట్టుకోవడం చాలామందికి అలవాటు. అది సరికాదు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకు సాగాలి.

తొడ కండరం బలానికి ఇంట్లోనే చేసుకోదగిన అభ్యాసం ఒకటి ఉన్నది. కుర్చీలో నిటారుగా కూర్చొని ఒక కాలును ముందుకు చాచి నిలపండి. కేశవ నామాలలో ఐదింటిని నిదానంగా పలికేంతసేపు అలాగే ఉంచి దించండి. ఒక్కొక్క కాలికి పదిసార్లు, ఉదయం, సాయంత్రం చేయండి. ఇది పూజామందిరానికి ఎదురుగా కాకుండా వేరే గదిలో చేసుకుంటే మర్యాదకూ లోపం ఉండదు. తరువాత కుర్చీ నుంచి నెమ్మదిగా లేచి, నెమ్మదిగా కూర్చోవడం ఐదుసార్లు చేయండి. అంతకుమించి ఏమేమి చేయవచ్చో మీ కీలును పరీక్షించిన వైద్యులనో, ఫిజియోథెరపీ నిపుణులనో అడగండి.

ఎంత నడవాలో ఎలా తెలుస్తుందని అడుగుతారు. మీ మోకాలే చెబుతుంది. నడుస్తున్నప్పుడు కొద్దిపాటి నొప్పి సహజం, దానికి భయపడనక్కరలేదు. మరునాటికి కూడా నొప్పి తగ్గక పెరిగినా, మోకాలు వాచినా నిన్నటి నడక శక్తిని మించిందని గ్రహించి కొంత తగ్గించండి. పూర్తిగా మాత్రం మానకండి. మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, కీలు బిగుసుకుపోయినా, నడుస్తుండగా కాలు జారవిడిచినట్లయినా, పిక్క వాచి నొప్పిపెట్టినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి. నొప్పిమాత్రలను సొంతంగా నెలల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏమి కలిపారో తెలియని పొడులు, లేహ్యాలు అంతకంటే ప్రమాదం. గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దన హాయినిస్తుంది. దానివల్ల గుజ్జు తిరిగి పుడుతుందని మాత్రం ఆశించకండి.

బరువు విషయం కూడా చెప్పుకోవాలి. బరువు ఎక్కువగా ఉండి మోకాళ్ళు అరిగిన పెద్దలపై జరిపిన ఒక పరిశోధన 2005లో వెలువడింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోను మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని అందులో తేలింది. మన ఇళ్ళలో శనివారం రాత్రి భోజనం మాని చేసే ఫలహారం భోజనం కంటే బరువుగా ఉంటుందని అందరికీ తెలుసు. ఉప్మా, దోసెలు, పైన ఒక గ్లాసు పాలు తీసుకొని దానిని ఉపవాసమని పిలుస్తాం. ప్రసాదమైనా కళ్ళకద్దుకొని స్వీకరించేంత పరిమాణంలోనే ఉండాలి. చక్కెర పొంగలి దొన్నె నిండా తిన్నంత మాత్రాన అనుగ్రహం పెరగదు. ఈ మాట మా అర్చకులకూ వర్తిస్తుంది.

శస్త్రచికిత్స పాప ఫలితం కాదు

నడక, అభ్యాసం, మందులు అన్నీ పాటించినా కొందరికి మోకీలు మార్పిడి తప్పదు. అప్పుడు కర్మఫలమని, ఏ జన్మలోనో చేసిన పాపమని ఇంటికి వచ్చినవారు అనే మాటలు రోగిని మరింత కుంగదీస్తాయి. దంతం కదిలితే ఎవరూ పాపమనరు. కంటికి శుక్లం వస్తే శస్త్రచికిత్స చేయించుకుంటాం. మోకాలి విషయంలో మాత్రమే ఈ మాటలెందుకు? పూర్వ ప్రధాని అటల్ బిహారీ వాజపేయి 75 ఏళ్ళ వయసులో, 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారు. మరునెలలోనే ఆగ్రాలో పాకిస్తాన్ అధినేతతో చర్చలు జరిపారు. 2004 మే వరకు దేశాన్ని పాలించారు. ఈ చికిత్సకు వాడే కృత్రిమ కీళ్ళ ధరలకు కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి విధించిన తరువాత పరికరం ఖర్చు బాగా తగ్గింది.

శస్త్రచికిత్స చేయించుకున్నవారు గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. కొత్త కీలు పెట్టినంతమాత్రాన పని పూర్తికాదు. తరువాతి వారాలలో చెప్పిన అభ్యాసాలు చేస్తేనే కాలు సరిగా వంగుతుంది. సాధారణంగా నేలమీద బాసీపట్టు వేయవద్దని, గొంతుక్కూర్చోవద్దని వైద్యులు చెబుతారు. ఆ సలహాను పాటించడం దైవాపచారం కాదు. సత్యనారాయణ వ్రతానికి దంపతులు కుర్చీలలో కూర్చుంటే స్వామి అలుగుతాడని ఏ వ్రతకల్పమూ చెప్పలేదు.

కొడుకులకు, కోడళ్ళకు ఒక మాట

ఇప్పుడు చెప్పబోయేది పెద్దల కోసం కాదు, వారిని ప్రేమించేవారి కోసం. "నాన్నగారూ, మీరు కూర్చోండి, నేను తెస్తాను." "అత్తయ్యగారూ, మీరు లేవకండి, పువ్వులు నేను కోస్తాను." ఇవి ఎంతో మర్యాదగల మాటలు. రోజూ, ప్రతి పనికీ ఇవే అంటే ఫలితం వేరు. మంచినీళ్ళు తెచ్చుకోవడం, దీపం వెలిగించడం, తులసికి నీళ్ళు పోయడం, మనవడిని బడి బస్సు వరకు దింపి రావడం వంటివి ఒక్కొక్కటిగా వారి చేతినుంచి తీసుకుంటే, చివరికి వారికి మిగిలేది మంచం, టీవీ మాత్రమే. కాలు బలహీనపడుతుంది, దానికంటే ముందు మనసు బలహీనపడుతుంది. ఇంట్లో తన అవసరం లేదనుకున్న మనిషి నడవడానికి కారణం వెతుక్కోడు.

సేవ అంటే పనినంతా లాగేసుకోవడం కాదు, వారు చేయగల పనిని చేయగలిగేలా అమర్చడం. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. జారని పరుపు వేయండి. వెస్ట్రన్ కమోడ్ పెట్టించండి. పూలమొక్కల కుండీలను నడుమెత్తు గట్టుపైకి మార్చండి. గుడికి కారులో తీసుకువచ్చి గర్భాలయం ముందే దింపకండి, గోపురం దగ్గర దింపి మీరూ వారి అడుగుతో నడవండి. వారు ఆగినచోట ఆగండి. తల్లిదండ్రుల పక్కన నెమ్మదిగా నడిచిన ఆ పది నిమిషాలు మీకూ ప్రదక్షిణే.

ఆలయ పాలకులకు మనవి

తిరుమలలో వయోవృద్ధులకు ప్రత్యేక దర్శన ఏర్పాటు ఉన్నది. అంత పెద్ద క్షేత్రంలో సాధ్యమైనది ఊరి గుడిలో అసాధ్యం కాదు. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ, మండపంలో పక్కగా చేతులున్న నాలుగు కుర్చీలు, ప్రాకారంలో సగం దూరాన కూర్చోవడానికి ఒక అరుగు, తడిచోట ఒక కొబ్బరి పీచు పట్టా ఉంటే చాలు. వీటికి విరాళం ఇచ్చేవారు ఊరికొకరైనా దొరుకుతారు. కొత్త కలశానికి, కొత్త మకరతోరణానికి ముందుకు వచ్చే దాతలు ఈసారి మెట్ల పక్కన కడ్డీ వేయించాలని నా విన్నపం. దానిని పట్టుకొని ఎక్కే ప్రతి వృద్ధురాలి ఆశీస్సు ఆ దాతకే చెందుతుంది.

అర్చక సోదరులకూ ఒక మాట చెబుతాను. కుర్చీలో కూర్చున్న భక్తుడివైపు మన చూపు కఠినంగా ఉంటే, రేపు ఆయన రాడు. అక్షతలు, తీర్థం, శఠారి వారు కూర్చున్న చోటికే తీసుకువెళ్ళి ఇద్దాం. మనం నాలుగు అడుగులు వేస్తే వారికి గుడి దగ్గరవుతుంది.

పెద్దలారా, మోకాలి గుజ్జు అరిగిందని ఇంట్లో ఆగిపోకండి. మూడు ప్రదక్షిణలు చేయగలిగితే మూడు చేయండి. ఒక్కటే చేయగలిగితే ఒక్కటి చేయండి. అదీ కష్టమైననాడు ధ్వజస్తంభం వరకు నడిచి, ఒక నమస్కారం చేసి, కుర్చీలో కూర్చొని నామం చెప్పుకోండి. మరునాడు ఇంకొక పది అడుగులు వేయగలరేమో చూడండి. సంకల్పంలో 'యథాశక్తి' అని మనం స్వామికి మాట ఇస్తున్నాం. ఉన్న శక్తినంతా ఆయన ముందు వినియోగిస్తే ఆ మాట నిలబెట్టుకున్నట్లే.